ముస్తఫా ఎందుకు తెరుచుకోవట్లేదు?

ముస్తఫా గేమ్ గుర్తుందా? బస్టాండు పక్కన ఇరుకు గది, పైన రేకులు, లోపల ఉక్కపోత, చేతిలో చెమట పట్టిన రూపాయి బిళ్ల. టోపీ పెట్టుకున్న ముస్తఫా పరుగెత్తుకుంటూ వచ్చి ఎగిరి తన్నాడంటే వెనకాల నిలబడి చూసే పదిమందీ ఒక్కసారే "అబ్బా!" అనేవాళ్లు. మా జగిత్యాలలో ఆ ఆటకు వేరే పేరే లేదు. అసలు పేరు 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్' అని, జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1993లో విడుదల చేసిందని, మార్క్ షుల్జ్ అనే అమెరికన్ గీసిన బొమ్మల కథ దానికి మూలమని మనలో చాలామందికి ఊరు దాటి వచ్చాకే తెలిసింది. నలుగురు వీరుల్లో మనకు గుర్తున్నది మాత్రం ముస్తఫా ఒక్కడే!

ఇప్పుడు అదే ఆటను ల్యాప్‌టాప్‌లో పెట్టుకుందామని కూర్చుంటే తెరుచుకోదు. నల్ల తెర వస్తుంది, రెండు క్షణాలు ఉంటుంది, పోతుంది. అప్పుడు నాకు ఫోన్ వస్తుంది. "అన్నా, ముస్తఫా ఓపెన్ అయితలేదు. జర చూస్తవా?"

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాదండీ. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, కొన్నేళ్లు షార్జాలో సైట్ల మీద పనిచేసి, ఇప్పుడు ఇక్కడ అల్ఫారెట్టాలో భవన నిర్మాణాల దగ్గర సూపర్‌వైజర్‌గా ఉన్నాను. అట్లాంటాకు ఉత్తరాన, జార్జియా 400 రోడ్డు వెంట ఉన్న ఈ ఊళ్లో తెలుగువాళ్లకు కొదవలేదు. వాళ్లలో ఎక్కువమంది కంప్యూటర్ల మీదే బతికేవాళ్లు. అలాంటి ఊళ్లో ఆటల ఎమ్యులేటర్ ఆగిపోతే సిమెంటు మనిషిని పిలుస్తారంటే నాకూ నవ్వే వస్తుంది. ఒక్కటే కారణం అనుకుంటాను. తడి మచ్చ కనపడగానే గోడ పగలగొట్టకూడదన్నది మా వృత్తిలో మొదటి పాఠం. మచ్చ మూడో అంతస్తు సీలింగ్ మీద ఉంటుంది, లీకు నాలుగో అంతస్తు బాత్‌రూమ్‌లో ఉంటుంది. ఎక్కడిదో తేలాకే సుత్తి పట్టుకోవాలి.

ఈ పాత ఆటల వ్యవహారం కూడా అంతే. అడుగున ఆట ఫైలు ఉంటుంది, దీన్నే రోమ్ అంటారు. దాని మీద ఎమ్యులేటర్, అంటే పాత యంత్రం చేసే పనిని కొత్త కంప్యూటర్ చేత చేయించే సాఫ్ట్‌వేర్. అన్నిటికన్నా పైన లాంచర్. లాంచ్‌బాక్స్, ప్లేనైట్, ఎమ్యులేషన్ స్టేషన్ లాంటివి ఈ కోవలోవి. ఆటలన్నిటికీ బొమ్మలు అతికించి, పేర్లు రాసి, వరసలో పేర్చి అందంగా చూపించడం దాని పని. నాకు ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది లాంచర్‌ను మూడుసార్లు తీసేసి మూడుసార్లు మళ్లీ ఎక్కించాకే చేస్తారు. రోగం ఒకటి, మందు ఇంకొకటి.

కాబట్టి ముందు లాంచర్ మూసేయండి. ఎమ్యులేటర్‌ను నేరుగా తెరిచి, అందులోంచి ఆట నడపండి. అక్కడ నడిస్తే తప్పు లాంచర్‌ది. అక్కడా నడవకపోతే లాంచర్‌ను ముట్టుకోవద్దు, అది నిరపరాధి. సగం సమస్యలు ఈ ఒక్క పరీక్షతోనే తేలిపోతాయి.

ముస్తఫా ఫైలు కథ

రూపాయి బిళ్ల వేసే పెద్ద మెషీన్ల ఆటలకు మేమ్ అనే ఎమ్యులేటర్ పెద్ద దిక్కు. నికోలా సాల్మోరియా అనే ఇటలీ ఆయన 1997 ఫిబ్రవరిలో మొదటిసారి విడుదల చేశాడు. పాత మెషీన్లో ఉండే బోర్డు మీద చిప్పులు ఉంటాయి కదా, ఒక్కో చిప్పులోని సమాచారాన్ని ఒక్కో ఫైలుగా తీసి, అన్నీ కలిపి ఒక జిప్ మూటగా కడతారు. ముస్తఫా మూట పేరు డినో. ఇంగ్లిష్‌లో నాలుగక్షరాలు, అంతే. మనవాళ్లు దాన్ని చూసి "ఇదేం పేరు?" అని 'ముస్తఫా' అని మార్చేస్తారు. అక్కడితో పని ఆగిపోతుంది. మేమ్ ఆ పొట్టి పేరుతోనే ఆటను గుర్తుపడుతుంది. పేరు మార్చకండి, మూట విప్పకండి. జిప్ ఫైలు జిప్‌గానే ఉండాలి.

పేరు సరిగానే ఉన్నా "కావలసిన ఫైళ్లు లేవు" అని తిరగ్గొడితే రెండు కారణాలు ఉండొచ్చు. మొదటిది, మూట ఒక కాలానిది, ఎమ్యులేటర్ ఇంకో కాలానిది. మేమ్ వాళ్లు ఏళ్ల తరబడి చిప్పుల్ని మళ్లీమళ్లీ పరిశీలించి లెక్క సరిచేస్తూ వస్తున్నారు. పాత లెక్క ప్రకారం కట్టిన మూటలో కొత్త మేమ్ అడిగే ముక్క ఉండకపోవచ్చు. పాత డ్రాయింగ్ పట్టుకుని కొత్త అంతస్తు కట్టినట్టన్న మాట. రెట్రోఆర్చ్ వాడేవాళ్లకు ఇది మరీ తిప్పలు, ఎందుకంటే అందులో ఒకే పనికి నాలుగైదు కోర్లు ఉంటాయి. మేమ్ 2003 అనే కోర్‌కు 0.78 నాటి మూటలు కావాలి. ఫైనల్‌బర్న్ నియోకు తాజా మూటలు కావాలి. అదే ఫైలు ఒక కోర్‌లో ఆడుతుంది, పక్క కోర్‌లో ఆడదు. అందుకని ఫైలును తిట్టే ముందు కోర్ మార్చి చూడండి.

రెండో కారణం ముస్తఫాకు ప్రత్యేకం. ఆ ఆట శబ్దం క్యూసౌండ్ అనే పద్ధతిలో ఉంటుంది. ఆ శబ్దాన్ని నడిపే చిప్పుకు సంబంధించిన డీఎల్-1425 అనే చిన్న ఫైలును కొత్త మేమ్‌లు విడిగా అడుగుతాయి. అది డినో మూటలో కాకుండా క్యూసౌండ్ పేరుతో వేరే మూటలో ఉంటుంది. రెండూ పక్కపక్కన లేకపోతే ఆట మొదలే కాదు. మెటల్ స్లగ్, కింగ్ ఆఫ్ ఫైటర్స్ ఆడేవాళ్లకూ ఇదే సంగతి. అవి నియో జియో అనే యంత్రం మీది ఆటలు కాబట్టి ఆట మూటతో పాటు ఆ యంత్రం తాలూకు నియో జియో మూట కూడా అదే ఫోల్డర్లో ఉండాలి. అద్దెకు ఇల్లు దొరికింది, కరెంటు మీటరు లేదు అంటే ఎలా?

ప్లేస్టేషన్ మొదటి తరం ఆటలకు ఈ మీటరు పేరు బయాస్. సరిగ్గా 512 కేబీ ఉండే ఫైలు. రెట్రోఆర్చ్‌లో అయితే సిస్టమ్ అనే ఫోల్డర్లో, కోర్ అడిగిన పేరుతోనే ఉండాలి. ఇక్కడ ఎవరూ చూడని మంచి చోటు ఒకటి ఉంది. కోర్ ఎక్కించాక మెనూలో కోర్ ఇన్ఫర్మేషన్ తెరవండి. ఏ బయాస్ కావాలో, అది ఉందో లేదో అక్కడే రాసి ఉంటుంది. గంటసేపు వీడియోలు చూడటం కన్నా ఆ ఒక్క పేజీ చదవడం మేలు.

అలాగే ప్లేస్టేషన్ ఆటకు బిన్ అని ఒక పెద్ద ఫైలు, క్యూ అని ఒక చిట్టి ఫైలు ఉంటాయి. తెరవాల్సింది చిట్టిదాన్ని. అందులో పెద్ద ఫైలు పేరు అక్షరాలా రాసి ఉంటుంది. మీరు పెద్ద ఫైలు పేరు మార్చారంటే చిట్టి ఫైలు పాత పేరుతోనే వెతుకుతూ కూర్చుంటుంది. నోట్‌ప్యాడ్‌లో క్యూ ఫైలు తెరిచి కొత్త పేరు రాస్తే సరిపోతుంది. పీఎస్2 ఆట పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కావట్లేదని ఒకరు అడిగారు. ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చుకోవాలి. మార్చితే లోపల ఉన్నవన్నీ పోతాయి, ముందే తీసి పెట్టుకోండి.

"చిన్నప్పుడు ఇంత స్పీడ్ లేదే!"

ఇది నాకు చాలా ఇష్టమైన ఫిర్యాదు. కాంట్రా పెడతారు, ఆడతారు, ఏదో తేడా. పాట తొందర తొందరగా వస్తోంది, శత్రువులు ఉరుకుతున్నారు. "నాకు వయసైపోయింది" అనుకుంటారు పాపం!

వయసు కాదు. మన ఇళ్లలో ఉన్న మీడియా, లిటిల్ మాస్టర్ లాంటి సెట్లు 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫామికామ్‌కు నకళ్లు. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు సుమారు 60 సార్లు బొమ్మ మారుస్తాయి. మన దూరదర్శన్ కాలం టీవీలు పాల్ పద్ధతివి, సెకనుకు 50. పాల్ టీవీల కోసం తయారైన నకలు సెట్లలో ఆట ఆ 50కి తగ్గట్టు నడిచేది. అంటే ఆరడుగులు వేయాల్సిన చోట అయిదే వేసేది. పాట శ్రుతి మారదు గానీ నడక నెమ్మదిస్తుంది. మన చెవికి, మన బొటనవేలికి అలవాటైంది ఆ నెమ్మది నడక. ఇప్పుడు ఎమ్యులేటర్ అసలు వేగంతో ఆడిస్తోంది, తేడా అక్కడుంది.

రష్యాలో ఇలాంటి నకలు సెట్టు డెండీ పేరుతో అమ్ముడుపోయింది. ఆ పేరే ఈ నెమ్మది పద్ధతికి స్థిరపడింది. రెట్రోఆర్చ్‌లో నెస్టోపియా కోర్ పెట్టుకుని, సిస్టమ్ రీజియన్ దగ్గర డెండీ ఎంచుకోండి. మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే గుంటూరు ఆయనకు అలా పెట్టిచ్చాను. మొదటి స్టేజీ పాట వినగానే ఆయన కుర్చీలో వెనక్కి వాలి "ఇదీ!" అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు.

ఊరి నుంచి పాత సెట్టునే మోసుకొచ్చే వాళ్లకు ఒక మాట. ఇక్కడ కరెంటు 120 వోల్టులు, టీవీ పద్ధతి వేరు. అడాప్టర్ మార్చినా బొమ్మ దొర్లిపోవడమో, రంగు రాకపోవడమో జరుగుతుంది. జ్ఞాపకంగా షెల్ఫ్‌లో పెట్టుకోండి, బాగుంటుంది.

బాతుల ఆట తుపాకీ గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. డక్ హంట్ తుపాకీ కొత్త టీవీల మీద పేలదు, ఎంత శుభ్రం చేసినా పేలదు. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల చదరం మెరుస్తుంది. తుపాకీ గొట్టంలోని కన్ను ఆ మెరుపును పట్టుకుంటుంది. వెనకాల డొప్ప ఉన్న పాత టీవీలో మెరుపు సరిగ్గా సమయానికి వస్తుంది. ఎల్‌సీడీ తెర బొమ్మ చూపడానికి కొంత ఆలస్యం చేస్తుంది, తుపాకీ అప్పటికే "తగల్లేదు" అని తేల్చేస్తుంది. ఎమ్యులేటర్‌లో మౌస్‌తో కాల్చుకోవాలి. కుక్క నవ్వు మాత్రం అదే!

ఆ ఆలస్యమే మారియో గోతిలో పడటానికీ కారణం. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ అని ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే శబ్దం వెనకబడుతుంది. వైరు ఇయర్‌ఫోన్లు వాడండి.

బోర్డు మీద పేరు

ఎమ్యులేటర్‌లో ఆట నడుస్తోంది, లాంచర్ నుంచి నడవట్లేదు. అప్పుడు చూడాల్సింది లాంచర్‌ను. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఏ ఫ్లాట్‌లో ఎవరున్నారో రాసిన బోర్డు ఉంటుంది కదా, లాంచర్ ఆ బోర్డు లాంటిదే. మనిషి ఫ్లాటు ఖాళీ చేసి వెళ్లిపోయినా బోర్డు మీద పేరు అలాగే ఉంటుంది. ఆటలన్నీ బయటి హార్డ్ డిస్క్‌లో పెట్టుకున్నవాళ్లకు ఇది తరచూ ఎదురవుతుంది. నిన్న ఇ డ్రైవ్‌గా కనపడిన డిస్క్ ఇవాళ ఎఫ్‌గా కనపడుతుంది. లాంచర్ మాత్రం ఇ దగ్గరే తలుపు కొడుతుంది. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్‌కు వెళ్లి డ్రైవ్‌కు ఒక అక్షరం ఖాయం చేస్తే ఈ బాధ తప్పుతుంది. ఎక్స్ లాంటి చివరి అక్షరం ఇస్తే ఇంకేదీ దానికి అడ్డురాదు.

ఒకే ఆట రెండుసార్లు కనపడుతోందా? లాంచర్ బిన్‌నూ క్యూనూ వేర్వేరు ఆటలు అనుకుంది. వెతికేటప్పుడు క్యూ ఫైళ్లు మాత్రమే చూడమని చెప్పండి. మన 999999 ఇన్ 1 క్యాసెట్‌లోనూ అదే ఆటలు తిరిగి తిరిగి వచ్చేవి, అప్పుడు ఎవరం ఫిర్యాదు చేయలేదు. తప్పుడు బొమ్మ వస్తే ఫైలు పేరు తేడా ఉన్నట్టు, పేరు చూసే లాంచర్ బొమ్మ వెతుకుతుంది. ఫోల్డర్ పేరులో ఖాళీలు ఉండి, ఆదేశం రాసే చోట కొటేషన్ గుర్తులు లేకపోయినా ఆట తెరుచుకోదు. ఎమ్యులేటర్‌ను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టుకుంటే అక్కడ రాయడానికి విండోస్ ఒప్పుకోక సేవ్‌లు నిలవకపోవచ్చు. సి డ్రైవ్‌లో విడిగా ఒక ఫోల్డర్ చేసుకోండి.

ఇక ఏది మార్చినా ఒక్కసారి ఒక్కటే మార్చండి. మార్చింది ఓ కాగితం మీద రాసుకోండి. నాలుగు సెట్టింగులు ఒకేసారి తిప్పితే, బాగుపడినా ఏది తిప్పితే బాగుపడిందో తెలియదు. ఇందులో నాకు కాస్త చాదస్తం ఉందని మా రూమ్మేట్ అంటాడు. సైట్ డైరీ అలవాటు మరి.

డబ్బు పంపే ఫోనులో వద్దు

ఇది గల్ఫ్‌లో ఉన్న అన్నదమ్ములు ముఖ్యంగా చదవాలి. క్యాంపులో ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు తక్కువ. ఫోనే టీవీ, ఫోనే బ్యాంకు, ఫోనే ఇల్లు. షార్జాలో నాతో పాటు గదిలో ఉన్న టైల్స్ మేస్త్రీకి వాట్సాప్‌లో 'ముస్తఫా గేమ్' అని ఒక ఏపీకే ఫైలు వచ్చింది. నొక్కాడు. అది మెసేజీలు చదవడానికి అనుమతి అడిగింది, ఇచ్చాడు. యాక్సెసిబిలిటీ అడిగింది, అదీ ఇచ్చాడు. ఆట బాగానే నడిచింది, రాత్రి రెండు గంటల దాకా గదిలో అందరం ఆడాం. మూడు రోజుల తర్వాత ఇంటికి పంపడానికి దాచుకున్న జీతం ఖాతాలో లేదు. ఓటీపీలు వచ్చినట్టు కూడా అతనికి తెలియలేదు. ఆ నెల చెల్లెలి ఫీజు కోసం గదిలో వాళ్లమే తలా కొంత వేసుకున్నాం.

ఆటకు మీ మెసేజీలతో పనేముంది? కాంటాక్టులతో పనేముంది? ఏ ఎమ్యులేటర్‌కైనా కావాల్సింది ఆట ఫైళ్లున్న ఫోల్డర్ చూసే అనుమతి ఒక్కటే. రెట్రోఆర్చ్ ప్లే స్టోర్‌లో ఉంది, ఉచితం. ఐఫోన్ వాళ్లకు 2024 ఏప్రిల్‌లో యాపిల్ రూలు సడలించాక డెల్టా, ఆ తర్వాత మే నెలలో రెట్రోఆర్చ్ యాప్ స్టోర్‌లోకే వచ్చాయి. ఎవరో పంపిన ఫైలు నొక్కాల్సిన అవసరమే లేదు. అయినా నన్నడిగితే పాత ఫోను ఒకటి ఆటలకు విడిగా పెట్టుకోండి, అందులో సిమ్ వేయకండి.

పదివేల ఆటలు నింపి అమ్మే చిన్న చేతి సెట్లు ఇప్పుడు చాలా వస్తున్నాయి. సెట్టు ఫరవాలేదు, లోపలి మెమరీ కార్డు మాత్రం నాసిరకం. కొన్న రోజే మంచి కార్డులోకి మార్చుకోకపోతే ఓ రోజు సెట్టు ఆన్ కాదు. అందులో నింపిన ఆటలకు అమ్మేవాడి దగ్గర హక్కులు ఉంటాయని నేననుకోను.

హక్కుల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. ఎమ్యులేటర్ తయారుచేయడం తప్పు కాదని అమెరికాలో సోనీ, కనెక్టిక్స్ కేసులో 2000లోనే అప్పీలు కోర్టు తేల్చింది. ఆట ఫైలు సంగతి వేరు, దాని మీద కంపెనీకి హక్కు ఉంటుంది. రోమ్‌లు పంచిన ఒక వెబ్‌సైట్ నడిపిన దంపతుల మీద 2018లో నింటెండోకు కోటి 20 లక్షల డాలర్లకు పైగా తీర్పు వచ్చింది. యుజు అనే స్విచ్ ఎమ్యులేటర్ వాళ్లు కాపీ రక్షణను దాటేశారన్న దావాలో 2024 మార్చిలో 24 లక్షల డాలర్లకు రాజీపడి దుకాణం మూసుకున్నారు. అందుకని ఫైళ్లు ఎక్కడ దొరుకుతాయో ఈ పేజీలో రాయను. కొనగలిగేవి కొనుక్కోండి. కాంట్రా పాత ఆటల్ని కొనామి 2019లో ఒక కట్టగా తెచ్చింది. క్యాప్‌కామ్ 2018లో ఏడు కొట్లాట ఆటల కట్ట తెచ్చింది, ఫైనల్ ఫైట్, కెప్టెన్ కమాండో అందులో ఉన్నాయి. వీటిలో చాలావాటికి తగ్గింపు అమ్మకాలు వస్తుంటాయి, అప్పుడు ఒక పూట భోజనం ఖర్చుకే దొరుకుతాయి. పైగా వీటికి బయాస్ తిప్పలు, కోర్ తిప్పలు లేవు. ముస్తఫా మాత్రం ఆ ఏడింటిలో లేడు!

కొనుక్కోవాలన్నా దొరకనివే ఎక్కువ. అమెరికాలో 2010కి ముందు వచ్చిన ఆటల్లో నూటికి 87 ఇప్పుడు అమ్మకంలో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. కొత్తవి ఇంకా తొందరగా పోతున్నాయి. మా అల్ఫారెట్టా కేంద్రంగానే 2005లో హై-రెజ్ స్టూడియోస్ మొదలైంది. వాళ్ల మొదటి ఆన్‌లైన్ ఆట గ్లోబల్ అజెండా 2010లో వచ్చింది, కొన్నేళ్లకు కంపెనీ దాని సర్వర్లు ఆపేసింది. అప్పుడు డబ్బు పెట్టి కొన్నవాళ్లు కూడా తెరిచి చూసుకోలేకపోయారు. రేకుల గదిలోని 1993 నాటి ముస్తఫానేమో ఇంకా తంతూనే ఉన్నాడు.

మెమరీ కార్డు

నాకు వచ్చిన పనుల్లో అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టింది ఒక ఖమ్మం అన్నది. ఏసీ డక్టులు బిగించే పని చేస్తాడు, మా సైట్‌లోనే పరిచయం. ఊరికి పోయినప్పుడు అమ్మ బీరువాలో బట్టల మధ్య ఒక ప్లేస్టేషన్ మెమరీ కార్డు దొరికిందట. ఆయన తమ్ముడిది. ఆ అబ్బాయి 2006లో బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ స్మాక్‌డౌన్ 2 ఆటలో తన పేరుతో ఒక పహిల్వాన్‌ను తయారుచేసుకుని రోజూ ఆడేవాడట. "అందులో ఇంకా ఉన్నాడేమో చూడు తమ్ముడూ" అని కార్డు నా చేతిలో పెట్టాడు.

ఆ కార్డు సామర్థ్యం 128 కేబీ, అందులో 15 గళ్లు. ఇవాళ ఫోనులో తీసే ఒక ఫొటో కూడా పట్టదు. అడాప్టర్ ఒకటి తెప్పించి కార్డు మొత్తాన్ని ఫైలుగా తీశాను. ఆటకు ఆయనే ఇక్కడ పాత సామాన్ల దుకాణంలో అసలు డిస్క్ కొనుక్కొచ్చాడు. ఎమ్యులేటర్‌లో ఆట పెట్టి, కార్డు ఎక్కిస్తే "సేవ్ లేదు" అంది. ఆయన ముఖం చూడలేకపోయాను.

అయితే కింది అంతస్తు చూడాలి కదా. ఆట డిస్క్ తీసేసి ప్లేస్టేషన్‌ను ఉత్తగా ఆన్ చేస్తే కార్డులో ఏముందో చూపించే తెర ఒకటి వస్తుంది. అది ఏ ఆటనీ అడగదు, కార్డులో ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. అక్కడ స్మాక్‌డౌన్ గుర్తు కనపడింది! అంటే కార్డు మంచిది, నేను తీసిన ఫైలు మంచిది, సేవ్ కూడా ఉంది. ఆటే దాన్ని చూడట్లేదు. ఎందుకు? ప్రతి సేవ్‌కూ ముందు ఆట కోడ్ రాసి ఉంటుంది. అమెరికా డిస్క్ అయితే ఎస్ఎల్‌యూఎస్ అని, యూరప్ డిస్క్ అయితే ఎస్ఎల్ఈఎస్ అని. మన దేశంలో ఆ అబ్బాయి ఆడింది పాల్ సెట్టు, యూరప్ డిస్క్. అన్న కొన్నది అమెరికా డిస్క్. ఆట ఒకటే అయినా ఒకదాని సేవ్ రెండోది పరాయిదనుకుంటుంది.

యూరప్ డిస్క్ సెకండ్ హ్యాండ్‌లో దొరికి, ఇంగ్లండ్ నుంచి వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. ఆ ఆదివారం మధ్యాహ్నం పెట్టాం. పహిల్వాన్ల జాబితా కిందికి కిందికి జరుపుతూ పోతే చివర్లో ఆ పేరు వచ్చింది. నల్ల ప్యాంటు, ఎర్ర బనియను, ఎత్తు ఎంత పెట్టొచ్చో అంతా పెట్టాడు. "వాడు పొట్టోడు" అన్నాడు అన్న. చాలాసేపు ఆట మొదలుపెట్టలేదు. తర్వాత రెండో కంట్రోలర్ నాకిచ్చాడు.

సేవ్‌ల గురించి చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ఎమ్యులేటర్‌లో ఎక్కడంటే అక్కడ ఆపి దాచుకునే సేవ్ స్టేట్ సుఖంగా ఉంటుంది గానీ, వెర్షన్ మారినా కోర్ మారినా అది తెరుచుకుంటుందన్న భరోసా లేదు. ఆట లోపలి నుంచి చేసే సేవ్, అంటే మెమరీ కార్డు ఫైలు, ఎమ్యులేటర్ మారినా పనికొస్తుంది. ముఖ్యమైనది ఏదైనా రెండో పద్ధతిలోనే దాచండి. ఎమ్యులేటర్ అప్‌డేట్ చేసే ముందు సేవ్‌ల ఫోల్డర్‌ను వేరే చోటికి కాపీ చేయండి.

ఖమ్మం అన్న 128 కేబీ ఫైలు ఇప్పుడు మూడు చోట్ల ఉంది. ఒకటి ఆయన ల్యాప్‌టాప్‌లో, ఒకటి ఊళ్లో చెల్లెలి ఈ-మెయిల్‌లో, ఇంకొకటి మా ఇంట్లో టూల్ బాక్స్ పక్కనున్న పెన్‌డ్రైవ్‌లో.